పీసుకీ పీసుకీ మధ్య

పియానో మీద అరగంట పైచిలుకు వాయించడం కన్నా, ఆ అరగంటకి సరిపడా పీసులు ఎంచుకోవడం కష్టమని నాకు నలభై దాటాక తెలిసింది. తెలిసిన రోజు నోట మాట రాలేదు. ఆ తరవాత కూడా ఒక పియానో పరీక్ష పుణ్యమా అని నోట మాట రాని సందర్భాలు వరసగా వచ్చాయి. అన్నిటికన్నా పెద్దది ఆఖరున వచ్చింది. అది చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి.

నేను రాజమండ్రిలో మా ఇంట్లోనే పిల్లలకి కీబోర్డు నేర్పుతుండేదాన్ని. ఊళ్ళో కొత్తగా పెట్టిన ఒక పెద్ద స్కూల్లో సంగీతానికి విడిగా గది కట్టి, అందులో నిజం పియానో పెట్టారని తెలిసి వెళ్ళాను. వాయించి చూపించాను. ప్రిన్సిపాల్ గారికి నచ్చింది. "అంతా బాగుందండి. కానీ డిప్లొమా ఉండాలి, పేరెంట్స్ అడుగుతారు. వచ్చే జూన్‌లో స్కూలు తెరిచేలోపు తెచ్చుకోండి, అందాకా ఈ పోస్టు మీకోసం ఆపుతాను," అన్నారావిడ. ఆ గదిలో వీధి చప్పుడు వినపడదు. కుక్కర్ కూత వినపడదు. ఆ పియానో మీద చెయ్యి వేసి ఇంటికి వచ్చాక నా ప్లాస్టిక్ కీల మీద చెయ్యి వెయ్యబుద్ధి కాలేదు. ఆ గది నాకు కావాలి. ఇంతకంటే మర్యాదగా చెప్పడం నాకు చేతకాదు.

నాకు పియానో ఎలా వచ్చిందని అడగని మనిషి లేడు. మాది నర్సాపురం అవతల సముద్రం ఒడ్డున ఊరు. నాన్న వేటకి వెళ్ళేవాడు, అమ్మ చేపలు అమ్మేది. నాన్న పోయినా అమ్మ ఇప్పటికీ అమ్ముతుంది, మానెయ్యమంటే నాలుగు రోజులు మాట్లాడదు. చేపలమ్మే ఇంటి పిల్లకి పియానో ఏంటని సూటిగా అడగడానికి మొహమాటపడి, "మీరు క్రిస్టియన్సాండీ?" అంటారు. కాదండి అంటే ఇంకా తికమకపడతారు. నేను చదివిన స్కూల్లో ఒక పాత పియానో ఉండేది. దాన్ని వాయించే మేడమ్ ఒకరు ఉండేవారు. ఒకరోజు ఆవిడ ఒక పెద్ద పీసు వాయిస్తుంటే కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడిపోయాను. చూసి లోపలికి పిలిచారు. అంతే కథ.

మేడమ్ గారిది కోనసీమలో భూములున్న రైతు కుటుంబం. పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక రాజమండ్రి వచ్చి, దానవాయిపేటలో చిన్న ఇల్లు తీసుకుని, పుట్టింటి పియానో తెచ్చి పెట్టుకున్నారు. పెళ్ళయి ఇదే ఊరొచ్చిన నేను ఆవిడ ఇక్కడ ఉన్నారని తెలిసిన వారమే వెళ్ళి మళ్ళీ పాఠాలు మొదలుపెట్టాను. వానాకాలం వస్తే గోదావరి తేమకి ఆ పియానో కీలు ఉబ్బిపోయి, నొక్కితే లేవవు. టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టి వడియాల్లా ఆరబెట్టేవాళ్ళం.

ఆవిడ దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎవరం వాయించాలన్నా ముందు ఆవిడ "కానివ్వమ్మా" అనాలి. ఇది ఆవిడ పెట్టిన రూలు కాదు, స్కూలు రోజుల్లోనే పిల్లలం మాకు మేం పెట్టుకున్నది. పెద్దవాళ్ళు కూర్చున్నాక కూర్చోవడం, పెద్దవాళ్ళు ముద్ద కలిపాక కలపడం ఎలాగో ఇదీ అలాగే. పీసు అయిపోగానే చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆవిడకేసి చూస్తాం. ఆవిడ కళ్ళు మూసుకుని కాసేపు ఉండి, విన్నది అరిగాక, "ఊఁ, కానివ్వమ్మా," అంటారు. అప్పుడే రెండోది.

డిప్లొమా సంగతి చెప్పగానే మేడమ్ గారు లేచి ముఖం కడుక్కుని వచ్చారు. ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. కళ్ళజోడు పెట్టుకుని, ఆ డిప్లొమా ఇచ్చే విదేశీ బోర్డు వాళ్ళ నిబంధనలన్నీ పైకి చదివారు. ప్రోగ్రామ్ మొత్తం ముప్పై అయిదు నిమిషాలు. ఏ పీసులు, ఏ వరసలో అన్నది మన ఇష్టం. రెండు నిమిషాలు అటూ ఇటూ అయితే ఊరుకుంటారు. బాగా తగ్గితే మార్కులు పోతాయి, దాటితే మధ్యలోనే ఆపేస్తారు. పీసుకీ పీసుకీ మధ్య ఆగే సమయం కూడా లెక్కలోకే వస్తుంది.

"అంటే పేజీలు తిప్పుకునే టైమన్నమాట," అన్నారు మేడమ్ గారు.

"అంతేనండి," అన్నాను నేను. చదువుకున్న వాళ్ళం ఇద్దరం ఆ వాక్యం మీదుగా నడిచి వెళ్ళిపోయాం.

మొదటి రోజు పీసుల ఎంపిక పెళ్ళివిందుకి వంటలు రాయించినట్టు సాగింది. ఇది లేకపోతే ఎలాగ, అది లేకపోతే ఎలాగ. పాతకాలపు ప్రెల్యూడ్, దాని వెనకే వచ్చే ఫ్యూగ్ ముందు ఉండాలన్నారు మేడమ్ గారు, క్రమశిక్షణ చూపించడానికి. తరవాత మూడు భాగాల సొనాటా. తరవాత మెల్లగా సాగే నాక్టర్న్. ఆఖరున బాలేడ్. అది కథ చెప్పినట్టు నడిచే పెద్ద పీసు. నేను చిన్నప్పుడు కిటికీ దగ్గర నిలబడి విన్నది అదే. అది లేని పరీక్ష నాకు అక్కర్లేదన్నాను. మేడమ్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "సరే, అదే ఆఖరిది," అన్నారు.

మేడమ్ గారు ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి కూర్చున్నారు. వాయించాను. మొత్తం కూడితే యాభై నిమిషాలకి దగ్గరపడింది. నేను నమ్మలేదు. ఫోను చెడిపోయిందన్నాను. నా ఫోనుతో మళ్ళీ చూశాం. అంతే వచ్చింది. వాయించేటప్పుడు చిటికెలో అయిపోయినట్టుండే సొనాటా ఒక్కటే సగం సమయం మింగేస్తోందని తెలిసి కొయ్యబారిపోయాను. ఇన్నేళ్ళుగా నేను వాయించే పీసు ఎంతసేపు పడుతుందో నాకే తెలియదు.

ఇక కోతలు మొదలయ్యాయి. సొనాటాలో "ఇక్కడినుంచి మళ్ళీ వాయించు" అన్న గుర్తులుంటాయి, వాటిని వదిలేశాం. చాల్లేదు. నాక్టర్న్ తీసేశాం. తీసేసిన రోజు ఆ పీసుకి ఏదో అన్యాయం చేసినట్టు ఇద్దరం టీ కూడా తాగలేదు. తీరా మళ్ళీ చూస్తే ఈసారి తక్కువ వచ్చింది. ఎక్కువైనప్పుడు భయపడ్డానే గానీ, తక్కువైనప్పుడు ఒళ్ళు మండింది. పుస్తకాన్ని మూసి పక్కన పడేశాను.

సరిగ్గా ఆ పూట అమ్మ వచ్చింది. అమ్మ మా ఇంటికి వచ్చినప్పుడల్లా మేడమ్ గారికీ చేపలు తెస్తుంది. ఆవిడ శాకాహారి కాదు గానీ ముళ్ళంటే భయం, అందుకని పండుగప్ప ముళ్ళు తీసి మరీ తెస్తుంది. మా ఇద్దరి మొహాలూ చూసి ఏం జరిగిందని అడిగింది. చెప్పాను.

"తక్కువొత్తే కొసరెయ్యండి మేడమ్ గారూ," అంది అమ్మ, చేపల డబ్బా వంటింట్లో పెట్టొచ్చి. "తూకం అయ్యాకా గుప్పెడు రొయ్యలు ఎయ్యమా, అలాగ. ఏదో సిన్న ముక్క ఉంటాది కదా మీ దగ్గర."

మేడమ్ గారు పకపకా నవ్వారు. నవ్వుతూనే లేచి అలమరలోంచి వాల్ట్‌జ్ అనే ఒక చిన్న నాట్యపు పీసు తీశారు. సొనాటాకీ బాలేడ్‌కీ మధ్య దాన్ని పెట్టాం. ఆ రోజునుంచి దాని పేరు కొసరే. మళ్ళీ ఫోను పెట్టి చూశాం. మొదటి స్వరం మోగగానే మేడమ్ గారు నొక్కుతారు, ఆఖరి స్వరం ఆగగానే మళ్ళీ నొక్కి ఆపుతారు. కళ్ళు మూసుకుంటారు. తరవాత కానివ్వమ్మా అంటారు, నొక్కుతారు. అలా అన్నీ అయ్యాక కూడి చూస్తే ముప్పై అయిదుకి కాస్త లోపల. మళ్ళీ మర్నాడు, ఆ మర్నాడు, నెల తరవాత, ఎప్పుడు చూసినా అంతే. తూకం కుదిరింది.

పరీక్ష విశాఖపట్నంలో. మేడమ్ గారు మోకాళ్ళ నొప్పితో రాలేకపోయారు, అమ్మ తోడు వచ్చింది. ఎగ్జామినర్ గారు బయటి దేశంనుంచి వచ్చిన పెద్దాయన, తెల్లటి గడ్డం, మెత్తటి గొంతు. నమస్కారం పెడితే ఆయనా పెట్టారు. మీకు ఎప్పుడు వీలైతే అప్పుడు మొదలుపెట్టండి అన్నారు ఇంగ్లీషులో. నా చెవికి అది అచ్చం కానివ్వమ్మా లాగే వినిపించింది. ధైర్యంగా ప్రెల్యూడ్ మొదలుపెట్టాను.

అయిపోయింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆయనకేసి చూశాను. ఆయన తల వంచుకుని రాసుకుంటున్నారు. పెద్దాయన రాసుకుంటుంటే టకటకా మొదలుపెట్టడం ఏం మర్యాద. ఆగాను. కాసేపటికి ఆయన తలెత్తి నాకేసి చూశారు. ఆ చూపుని అనుమతి కింద తీసుకుని ఫ్యూగ్ వాయించాను. మళ్ళీ చేతులు ఒళ్ళోకి. మళ్ళీ ఆయన రాత. సొనాటా మూడు భాగాల మధ్యా అంతే, కొసరుకి ముందూ అంతే. ఒకసారి ఆయన కనుబొమలు పైకెత్తారు. నా వినయం నచ్చిందనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఎంత పద్ధతిగా నడుచుకుంటున్నానా అని లోపల కాస్త గర్వంగా కూడా ఉంది.

బాలేడ్ మొదలుపెట్టాను. అందులో ఒక చోట అప్పటిదాకా నెమ్మదిగా చెప్పుకొచ్చిన కథ ఒక్కసారి తిరుగుతుంది. కిటికీ దగ్గర నన్ను నిలబెట్టేసిన చోటు అదే. అక్కడికి వస్తున్నాను. చేతులు వాటంతటవే వెళ్తున్నాయి. అప్పుడు ఆయన "థాంక్యూ" అన్నారు.

మెచ్చుకున్నారనుకుని వాయిస్తూనే ఉన్నాను. ఆయన చెయ్యెత్తి ఇంకాస్త గట్టిగా, క్షమించండి, సమయం అయిపోయింది, ఇక్కడితో ఆపాలి అన్నారు.

చెయ్యి ఆగలేదు, ఆపాను. పెడల్ మీద కాలు అలాగే ఉండిపోయింది, ఆ సగం వాక్యం గదిలో మోగుతూ మోగుతూ పోయింది. దిమ్మ తిరిగింది. అయిపోవడమేంటి, మేం కొలిచాం కదా. నెలలపాటు కొలిచాం కదా. ఆయనకి గడియారం చూడడం రాదేమో అని కూడా అనుకున్నాను, పాపం ఆ పెద్దాయన్ని. పైకి మాత్రం "సారీ సర్" అని లేచి నమస్కారం పెట్టాను. ఆ తరవాత ఆయన అడిగిన నోటి ప్రశ్నలకి ఏం చెప్పానో నాకు ఇప్పటికీ గుర్తు లేదు.

వసారాలో బల్ల మీద అమ్మ కూర్చుని ఉంది.

"ఆకర్న టక్కున ఆపేశావేంటే?" అంది.

"ఆయనే ఆపేశారమ్మా. టైము అయిపోయిందంట."

"అవదా మరి. మద్దె మద్దెలో అంతసేపు ఊరుకున్నావెందుకు? కరెంటు పోయిందేమో అనుకున్నా. తీరా సూత్తే పైన ఫ్యాను తిరుగుతానే ఉంది."

అప్పుడు కోపం వచ్చింది గానీ అర్థం కాలేదు. రైలెక్కాక, కిటికీ పక్కన కూర్చుని ప్రతి పీసూ మనసులో మళ్ళీ వాయించుకుంటూ వస్తుంటే, తుని దాటాక ఎక్కడో నాకు మేడమ్ గారి వేలు కనిపించింది. పీసు అయిపోగానే స్టాప్‌వాచ్ ఆపే వేలు. ఆవిడ కళ్ళు మూసుకున్న సమయం, కానివ్వమ్మా కోసం నేను చూసిన సమయం, ఏదీ మేం కొలవలేదు. అది సమయమని ఇద్దరికీ తట్టలేదు. నేను సీట్లోంచి లేచి నిలబడిపోయాను. ఎదురు సీటాయన స్టేషన్ వచ్చిందేమోనని సంచి తీసుకున్నాడు.

అమ్మకి చెప్పాను. "ఆయన కానివ్వమంటారేమోనని చూశానమ్మా."

"ఆయనెందుకు సెప్తాడే. మద్రాసు నుంచో లండను నుంచో వొచ్చి నీకు కానిమ్మని సెప్పాలా." అమ్మ నాకేసి తిరిగింది. "నేను సంతలో బుట్ట దింపడానికి ఎవర్నన్నా అడిగానా ఎప్పుడన్నా? అడుగుతా కూకుంటే సేపలు కుళ్ళిపోవూ?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇంట్లో నేను ఇన్నాళ్ళూ ఏది మొదలుపెట్టినా ఎవరో ఒకరి మొహం చూసి మొదలుపెట్టాను. పాఠాలు మళ్ళీ నేర్చుకోవడానికి మా ఆయన్ని అడిగాను, ఇంట్లో పిల్లలకి నేర్పడానికి మా అత్తగారిని అడిగాను. వాళ్ళు కాదనలేదు, నిజమే. కానీ అడిగాను. నేను అమ్మ కూతుర్నే, నాకు ఈ అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని రాజమండ్రి వచ్చేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను.

మర్నాడు మేడమ్ గారి ఇంటికి వెళ్ళాను. ఆవిడ గుమ్మంలోనే ఉన్నారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడని నొప్పించకుండా చెప్పే దారేదైనా ఉందేమోనని దారంతా వెతికాను, దొరకలేదు. వింటూ వింటూ ఆవిడ ముఖం పాలిపోయింది. వెనక్కి తడుముకుని కుర్చీలో కూర్చున్నారు.

"అయితే నిన్ను ఆపింది నేనన్నమాట," అన్నారు.

"అదేం లేదండి. నేనే తెలివితక్కువగా..."

"ఉండమ్మా." ఆవిడ చెయ్యెత్తారు, అచ్చం ఆ ఎగ్జామినర్ లాగే. "నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు ఇదే పరీక్షకి చదివాను. మద్రాసు వెళ్ళాలి. ప్రోగ్రామ్ అంతా సిద్ధం. ఆఖరిది నీ బాలేడే. మా నాన్నగారు కాకినాడలో ఎవరో దొరగారు ఊరు వదిలి వెళ్తుంటే నాకోసం ఈ పియానో కొన్నారు. అంత ముద్దు నేనంటే. పరీక్షకి పంపండి నాన్నగారూ అంటే వద్దనలేదు. వద్దంటే ఎదురు చెప్పేదాన్నేమో. 'చూద్దాంలే అమ్మా' అన్నారు. కోతలయ్యాక చూద్దాం అన్నారు, అన్నయ్య పెళ్ళయ్యాక చూద్దాం అన్నారు. నేను చూస్తూ కూర్చున్నాను. కానివ్వమ్మా అని ఆయన ఒక్కసారి అంటే చాలు, బయలుదేరేదాన్ని. అనకుండానే పోయారు."

గోడ మీద ఆవిడ నాన్నగారి ఫోటో ఉంది, ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నదే. తలపాగా, మంచి నవ్వు. దాన్ని కోపంగా చూద్దామన్నా కుదరలేదు.

"నాకు ఎవరూ అనలేదని మీకు ప్రతి పీసుకీ అనేదాన్ని," అన్నారు మేడమ్ గారు. "పిల్లలకి మేలు చేస్తున్నాననుకున్నానమ్మా. మీరు అది లేకుండా కదలరని నాకు తెలియలేదు."

ఇన్నేళ్ళూ నాకు తియ్యగా వినపడిన మాట ఆ కానివ్వమ్మా. ఆవిడ దాన్ని ఎక్కణ్ణుంచి తీసి ఇస్తున్నారో ఎప్పుడూ అడగలేదు. ఆవిడ ఏడవలేదు, నేను ఏడ్చాను. తరవాత ఆవిడే లేచి కాఫీ పెట్టారు.

కొన్ని వారాలకి ఫలితం వచ్చింది, అనుకున్నట్టే పాసవ్వలేదు. ప్రిన్సిపాల్ గారికి ఫోన్ చేస్తే, "జూన్ దాకా మాట మాటేనండి, ఆ తరవాత నా చేతుల్లో ఉండదు," అన్నారు. జూన్ లోపల ఇంకొక్క పరీక్ష ఉంది.

పీసులు మార్చలేదు, వరస మార్చలేదు. ఒక్కటే మార్చాం. స్టాప్‌వాచ్ మొదటి స్వరానికి నొక్కితే ఆఖరి స్వరం దాకా ఆపకూడదు, మేడమ్ గారు నోరు విప్పకూడదు. వినడానికి ఎంత తేలికో చెయ్యడానికి అంత నరకం. మొదటి రోజు ప్రెల్యూడ్ అయ్యాక చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. మేడమ్ గారు పెదాలు బిగించి కిటికీకేసి చూస్తున్నారు. ఫోన్లో అంకెలు పరిగెడుతున్నాయి. ఫ్యూగ్ మొదటి స్వరం ఏదో తెలుసు, వేలు ఎక్కడ పెట్టాలో తెలుసు. చెయ్యి లేవలేదు. నేను అబద్ధమాడడం లేదు, వానాకాలం కీలాగా ఒళ్ళో ఉబ్బి కూర్చుంది. నా చెయ్యి నా మాట వినకపోవడం చూసి నాకే భయమేసింది.

అప్పుడు మేడమ్ గారు దగ్గారు. వెంటనే మొదలుపెట్టాను. ఇద్దరం తెల్లబోయాం. దగ్గు కూడా నాకు అనుమతే అయింది. మర్నాడు ఆవిడ నోటికి చీర చెంగు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు, కుర్చీ కిర్రుమంది, అదీ అనుమతే. వంటింట్లోకి వెళ్ళి కూర్చుంటే కుక్కర్ కూత వేసేదాకా ఆగాను. ఆ రోజు నా మీద నాకు పట్టరాని కోపం వచ్చి, పియానో మూత దబాలున వేసి, ఆ చప్పుడుకి నేనే ఉలిక్కిపడ్డాను. చివరికి మేడమ్ గారు వీధి వరండాలోకి వెళ్ళి తలుపు బయటినుంచి గడియ పెట్టుకోవడం మొదలెట్టారు. ఎండలో, మోకాళ్ళ నొప్పితో. లోపల నేనూ, పియానో, ఆ ఫోటో. ఎవరూ ఏమీ అనరు. మెల్లగా, ఒకరోజు ఒక పీసు దగ్గర, ఇంకో రోజు ఇంకో పీసు దగ్గర, చెయ్యి దానంతట అది లేవడం నేర్చుకుంది.

రెండోసారి ముగ్గురం వెళ్ళాం. ఈసారి మేడమ్ గారు చేతికర్ర పట్టుకుని వచ్చారు, వద్దంటే వినలేదు. పరీక్ష గది వసారాకి ఈ చివర, ముందుగా చేతులు సవరించుకోవడానికి ఒక చిన్న పియానో పెట్టిన గది ఆ చివర. నా వంతు వచ్చింది. అలవాటు చొప్పున మేడమ్ గారి మొహంకేసి చూశాను. ఆవిడ నాకేసి చూడకుండా చేతికర్ర పిడిని తుడుచుకుంటున్నారు. నేను లోపలికి వెళ్ళాను.

ఈసారి ఎగ్జామినర్ ఒక ఆవిడ. ఏదో అన్నారు, సరిగ్గా వినలేదు, మొదలుపెట్టేశాను. ప్రెల్యూడ్ అయింది. ఆవిడ రాసుకుంటున్నారు. రాసుకోనీ అనుకుని ఫ్యూగ్ ఎత్తుకున్నాను. సొనాటా, కొసరు, బాలేడ్. కథ తిరిగే చోటు వచ్చింది, దాటింది, ఎవరూ ఆపలేదు. ఆఖరి స్వరం పోయేదాకా పెడల్ పట్టుకుని, లేచి, నమస్కారం పెట్టి, ఆవిడ వెళ్ళమనకుండానే తలుపు తీసుకుని బయటికి వచ్చేశాను. నోటి ప్రశ్నలు ఇంకా ఉన్నాయి. పాపం ఆవిడ తలుపు దాకా వచ్చి వెనక్కి పిలవాల్సి వచ్చింది. పీసుల వరస ఎలా నిర్ణయించారని అడిగితే, చేపల సంతలో కొసరు ఎలా వేస్తారో ఇంగ్లీషులో చెప్పాను. నవ్వారు.

నేను పాసయ్యాను. ఆ గది నాకు వచ్చింది, ఇప్పుడు అక్కడే నేర్పుతున్నాను. పిల్లలకి ఆ మాట అనకుండా ఉండడానికి రోజుకి ఎన్నిసార్లు నాలుక కొరుక్కుంటానో నాకే తెలుసు. కానీ ఇదంతా చెబుతున్నది పాసైనందుకు కాదు.

ప్రశ్నలయ్యాక బయటికి వస్తే బల్ల మీద మేడమ్ గారు లేరు, అమ్మా లేదు. చేతికర్ర ఒక్కటే బల్లకి ఆనించి ఉంది. పడిపోయారేమో, ఆస్పత్రికి తీసుకెళ్ళారేమో అనుకున్నాను. అంతలో వసారా ఆ చివరనుంచి బాలేడ్ వినిపించింది. నాది కాదు. అక్కడక్కడా తడబడుతూ, ఎడమ చెయ్యి కాస్త వెనకబడుతూ, కానీ ఎక్కడా ఆగకుండా. చిన్నప్పుడు కిటికీ దగ్గర విన్నదే. ఆ తరవాత ఇన్నేళ్ళలో ఆవిడ నాకు ముక్కలు ముక్కలుగా వాయించి చూపించారే తప్ప, మొదటినుంచి చివరిదాకా వాయించగా నేను మళ్ళీ వినలేదు.

పరుగెత్తాను. చిన్న గది తలుపు సగం మూసి ఉంది. దానికి అడ్డంగా అమ్మ నిలబడి ఉంది, సంతలో బుట్ట ముందు నిలబడ్డట్టు. ఎదురుగా ఆ హాలు చూసుకునే ఆయన, చేతిలో పేర్ల కాగితంతో, మర్యాదగానే చెబుతున్నాడు.

"అమ్మా, ఇది పరీక్షకి వచ్చినవాళ్ళకి మాత్రమేనండి. వేరేవాళ్ళు వాయించకూడదు."

"ఈవిడా పరీక్షకొచ్చిందేనండి బాబూ," అంది అమ్మ. "కాత్త ఆలీసమైంది, అంతే."

ఆయన కాగితంకేసి చూశాడు, తలుపు సందులోంచి మేడమ్ గారి తెల్లటి ముడికేసి చూశాడు. నేను గోడ పట్టుకుని నిలబడిపోయాను. లోపల కథ తిరిగే చోటు వస్తోంది.

"ఎంతసేపు పడుతుందండి?" అన్నాడు ఆయన, గొంతు తగ్గించి.

"ఎంత పడితే అంత," అంది అమ్మ.